దోర్కా నంబరు

మా దోర్కాకు ఒక గుణముంది. ఎవరింటికి వెళ్లినా చెప్పులు బయటి వైపు తిప్పి విడుస్తుంది. ఏదైనా జరిగితే కాళ్లు దూర్చుకుని పరుగెత్తడానికి వీలుగా ఉంటాయట. ఏం జరుగుతుందే అంటే చెప్పదు. పెళ్లికి పోతే అందరూ ఫ్యాను కింద చోటు వెతుక్కుంటారు, ఈమె తలుపు దగ్గర కుర్చీ వెతుక్కుంటుంది. క్రిస్మస్‌కు చర్చి మీద నక్షత్రం కడుతుంటే కింద నిలబడి, నిచ్చెన ఎవరు పట్టుకున్నారు, వాడు మధ్యలో టీ తాగడానికి పోతే ఎట్లా అని పాస్టరు గారినే అడిగింది.

ఇదంతా వాళ్ల నాన్న నుంచి వచ్చింది. దేవానందం గారు భువనగిరి దిక్కు పల్లె నుంచి వచ్చి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో రసాయనాల గోదాముకు వాచ్‌మన్‌గా చేరాడు. బతికినన్నాళ్లూ బూట్లు విప్పకుండానే కునుకు తీశాడు. చర్చి వెనక రెండు గదుల్లో కాపురముండి కూతురిని డిగ్రీ దాకా చదివించాడు, తన భయాన్ని కూడా ఆమెకే అప్పజెప్పి పోయాడు.

నేను ఆరోన్‌ని, దోర్కా మొగుణ్ని. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మిషన్ నడుపుతాను. పెళ్లయిన కొత్తలో ఈ పిరికిదానితో ఎట్లా వేగాలిరా దేవుడా అనుకున్నాను. తీరా చూస్తే ఆ పిరికితనానికే ఉప్పల్‌లో ఒక కంపెనీ పిలిచి ఉద్యోగమిచ్చింది.

అంతకుముందు ఆమె మా బస్తీ పక్కనే ఉన్న సర్కారు దవాఖానలో ఓపీ చీటీలు రాసే కౌంటర్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేది. ఏ దవాఖానో చెప్పను, ఊరికే వాళ్లకు చెడ్డపేరు ఎందుకు. సర్కారు దవాఖానలన్నిటినీ కంప్యూటర్లతో కలిపే పని ఉప్పల్ కంపెనీకి దొరికింది. ఇక్కడ చూపించుకున్న మనిషి వివరాలు రేపు పెద్ద దవాఖానలో డాక్టరు తెరిచి చూడగలగాలి, అదీ సంగతి. ఆ కంపెనీ మేనేజరు నరేందర్ సార్ మొదటిసారి దవాఖానకు వచ్చినప్పుడు దోర్కా ఆయన్ను ఊపిరి తీసుకోనివ్వలేదట. "కరెంటు పోతే సార్? నెట్ రాకపోతే? ప్రింటర్ల కాగితం అయిపోతే అందాక ముసలోళ్లు ఏడ కూసోవాలె?" ఆయన నవ్వి, "అమ్మా, నువ్వు మా దగ్గరికొచ్చెయ్" అన్నాడు. ఇట్లాంటి పెద్ద పనుల్లో ఎక్కడ ఏం చెడిపోవచ్చో ముందే ఆలోచించి, చెడకుండా చూసే మనిషి ఒకరుండాలట. దాన్ని రిస్క్ చూడడం అంటారు. మా ఇంట్లో దాన్ని ఇన్నాళ్లూ సతాయింపు అన్నాం.

కంపెనీలో కోఆర్డినేటర్‌గా ఆమె రోజులు బాగానే నడిచాయి. తర్వాత రిస్క్ లీడ్ అని కొత్త పోస్టు వస్తుందన్నారు. అది దోర్కాదేనని ఆఫీసంతా అనుకుంది. దోర్కా కూడా అనుకుంది. పోస్టు ఎవరిదో చెప్పే రోజున, ఆదివారాల్లో చర్చికి కట్టే పట్టుచీర కట్టుకుని ఉప్పల్ బస్సెక్కింది. సాయంత్రం వచ్చి, ఆ చీరతోనే మంచం మీద కూలబడింది.

"హిమజట. సైనిక్‌పురి అట. ఎంబీఏ అట."

"పోస్టు ఆమెకిచ్చిన్రా?"

"ఇంక పూర్తిగ ఇయ్యలె. నేను చేసిన మన దవాఖానల్నే మొదలు ఈ కంప్యూటర్ పని షురూ చేస్తరట. అది సాఫీగ నడిస్తే ఆమె పక్కా. నడవకపోతే పోస్టు సంగతి మల్ల మాట్లాడుకుందం దోర్కా అన్నడు నరేందర్ సార్."

నడవకపోతే. ఆ ఒక్క మాట పట్టుకుని మా ఇంట్లో ఒక మంట అంటుకుంది. మొదట్లో నేను సరదాగా తీసుకున్నాను. అన్నం ముందు కూర్చుంటే హిమజ, పక్క దులుపుతుంటే హిమజ. హిమజ నీళ్ల సీసా ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు చెప్పింది. ఆమె బోర్డు మీద రాస్తే అక్షరాలు గుండ్రంగా ఎందుకుండాలో చెప్పమంది. కరివేపాకు తీసి పక్కన పెట్టకుండా తింటుందట, అది కూడా తప్పే. వారం తిరక్కుండా మా ఇంట్లోకి కూడా పొడుగు సీసా ఒకటి వచ్చింది. ఎందుకే ఇది అంటే, "నీళ్లు తాగనీకి" అని గుర్రుమంది.

అసలు చిక్కేమిటంటే ఆ పిల్ల మంచిది. చెడ్డదైతే దోర్కా హాయిగా తిట్టుకునేది. వచ్చిన కొన్నాళ్లకే అందరి పేర్లూ, వాళ్ల పిల్లల పేర్లూ నేర్చుకుంది. దోర్కాను అక్కా అని పిలుస్తుంది. ఒకరోజు ఇంటి దాకా వచ్చి, వాళ్ల పెరట్లో కాసిన జామపండ్లు మా అమ్మ దానమ్మ చేతిలో పెట్టిపోయింది. మా అమ్మ ఒక్కొక్కటే కొరుకుతూ "ఎంత తియ్యగున్నయే దోర్కా" అంటుంటే, దోర్కా మొహం చూడలేకపోయాను. షుగరున్న మనిషికి జామపండ్లేందని పళ్లెం లాక్కుంది. లోపలికి పోయి తానే రెండు తిన్నది. వాటిలో పురుగన్నా ఉంటే బాగుండుననుకుని ఉంటుంది.

బుధవారం మా ఇంట్లో కూడిక. అందరూ తమ తమ ప్రార్థన అంశాలు చెప్పుకుంటారు. సంఘంలో పెద్దామె వెంకటనర్సమ్మ, "మన దోర్కా ఆఫీసుల పెద్ద కార్యం ఉన్నది, అది సఫలం గావాలె" అని ప్రార్థన ఎత్తుకుంది. అందరం ఆమెన్ అన్నాం. దోర్కా అనలేదు. కళ్లు మూసుకుని "ప్రభువు చిత్తం" అన్నది. దేవుడి ముందు అబద్ధమాడలేక ఆడిన మాట అని నాకొక్కడికే తెలిసింది.

హిమజ ఆఫీసు గోడకు పెద్ద అట్ట ఒకటి అంటించి, మొదటి రోజున ఏం చెడిపోవచ్చో ఎవరికి తోచింది వాళ్లు రాయమందట. ప్రమాదం పెద్దదైతే ఎర్ర కాగితం, చిన్నదైతే పచ్చ కాగితం. కరెంటు, నెట్, నర్సులకు అలవాటు లేకపోవడం, డాక్టరు విసుక్కోవడం, ఎవరికి తోచింది వాళ్లు అంటించారు. "అక్కా, మీరు ఒక్కటి కూడ రాయలె" అంటే దోర్కా ఏమీ లేదన్నదట. ఎక్కడ చూసినా ఏదో ఒక అపాయం కనిపించే మనిషి ఏమీ లేదన్నదంటే నేను అప్పుడే అనుమానపడాల్సింది. పడలేదు.

ఒక సాయంత్రం దోర్కా చిక్కుడుకాయలు తరుగుతోంది. మంచం మీద ఆమె ఫోను మోగుతూనే ఉంది. తీసి చూశాను. పోశయ్య గారూ, మీ బీపీ పరీక్ష ఉంది. సత్తమ్మ గారూ, మీ మందులు సిద్ధం. మళ్లీ ఇంకో పోశయ్య గారు. నన్ను నా ఫోనులో ఎవరూ గారూ అనరు. పైగా ఇద్దరు మగవాళ్లు.

"ఎవడే ఈ పోశయ్య?"

ఆమె తల ఎత్తలేదు. "పేషెంట్. కొత్త కంప్యూటర్ నుంచి మెసేజ్‌లు పోతున్నయా లేదా అని ఇయ్యాల పంపి సూస్తున్నరు."

"పేషెంట్ మెసేజ్ నీ ఫోన్లకెందుకొస్తది?"

చెప్పక తప్పలేదు. కౌంటర్‌లో ఉన్నప్పుడు పాత కంప్యూటర్ ఫోను నంబరు కొట్టనిదే ముందుకు కదిలేది కాదట. మా బస్తీలో ముసలివాళ్లలో సగం మందికి ఫోనే లేదు. "లైన్ల నిలబడలేక కూలబడుతున్నరు. వెనకున్నోళ్లు తిడుతున్నరు. నేనేం జేయాలె? నా నంబర్ కొట్టిన."

"ఎంతమందికి?"

"ఫోన్ లేదన్నోళ్లందరికి."

అప్పుడు నాకు పాత సంగతి ఒకటి అర్థమైంది. ఆ రోజుల్లో అన్నం తిన్నాక చున్నీ వేసుకుని గల్లీలోకి పోయేది. ఒక ఇంట్లో పిల్లకు సూది ఉందని, ఇంకో ఇంట్లో తాతకు రక్తపరీక్ష ఉందని చెప్పి వచ్చేది. అదంతా డ్యూటీలో భాగమనుకున్నాను. కాదు, దవాఖాన నుంచి వాళ్లకు వచ్చే కబురు ఈమె ఫోనులో పడేది, ఈమె కాళ్ల మీద వాళ్లింటికి చేరేది. ఆమె కంపెనీకి మారే నాటికి పాత కంప్యూటర్ కబుర్లు పంపడం మానేసింది, ఆ తిరుగుడూ ఆగిపోయింది. కంప్యూటర్‌లో నంబరు మాత్రం ఆమెదే ఉండిపోయింది.

"ఉంటే ఏమైతది?" అన్నాను.

"పాత వివరాలన్ని కొత్తదాంట్ల పోస్తున్నరు. ఒక్క మనిషే రెండుసార్లు రాయించుకుంటే రెండూ కలిపి ఒక్కటి చేస్తది ఆ కంప్యూటర్. నంబర్ ఒక్కటి, పేరొక్కటి, వయసొక్కటి ఉంటే సాలు. ఒక్క మనిషే అనుకుంటది."

మా బస్తీలో వయసు ఎవరికి సరిగా తెలుసు కనుక? అడిగితే అరవై రాసుకో బిడ్డా అంటారు. డెబ్బై దాటినవాళ్లూ అదే అంటారు, యాభై దాటినవాళ్లూ అదే అంటారు. ఇక పేర్లా, మా చర్చిలో దానమ్మా అని పిలిస్తే రెండు తలలు తిరుగుతాయి. ఒకరు మా అమ్మ. ఇంకొకరు పైగల్లీలో ఆకుకూరలమ్మే దానమ్మ. ఇద్దరిదీ దోర్కా నంబరే, ఇద్దరిదీ అరవయ్యే. మా అమ్మకు షుగరుంది. పైగల్లీ దానమ్మకు లేదు. మా అమ్మ గోలీలు ఆమె చేతికిస్తే కళ్లు తిరిగి ఏ రోడ్డు మీదో పడిపోతుంది.

"హిమజకు చెప్పినవా?"

కత్తి చిక్కుడుకాయ మీద టకటకమంటోంది. "రిస్క్ లీడ్ ఆమెనా నేనా? ఎతుక్కోని. ఎంబీఏ చదివింది గద."

అంతటితో ఊరుకోలేదు. లోపలికి వినిపించేలా మా అమ్మను పిలిచి, "అత్తమ్మా, ఇగ కొన్ని దినాలు దవాఖాన దిక్కు పోకు. నీ గోలీలు నేనే మెడికల్ షాపుల తెస్త" అన్నది. మా ఇంటి వరకు మా ఇంటి అపాయాన్ని అట్లా సర్దేసింది.

నాకు ఒళ్లు మండింది. "మరి పైగల్లీ దానమ్మ?"

కత్తి ఆగింది. చిక్కుడుకాయల పళ్లెం అవతలికి నెట్టి ఏడ్చింది. అంత ఏడుపు వాళ్ల నాన్న పోయినప్పుడు చూశాను, మళ్లీ అప్పుడే చూశాను. "ఆమె ఒక్కసారి తప్పు జెయ్యాలయ్యా. ఒక్కటే సారి. అందరి ముందట. అప్పుడు గాని నాకు సల్లగ గాదు." చెబితే కార్యం సాఫీగా నడుస్తుంది, పోస్టు హిమజది. చెప్పకపోతే పోస్టు తనది, పైగల్లీ దానమ్మ గతి దేవుడెరుగు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ చిక్కుళ్లు ఆ పూట వండలేదు.

అసలు పని సోమవారం మొదలు. శనివారం పొద్దున దవాఖానలో ఒకసారి నడిపి చూద్దామని, బస్తీ వాళ్లను నిజం పేషెంట్లలాగే రమ్మన్నారు. టీ బిస్కెట్లు కూడా పెడతామన్నారు. వద్దన్న కోడలి మాట మా అమ్మ ఎప్పుడు విన్నది గనుక? బిస్కెట్ల మాట చెవినపడగానే తల దువ్వుకుని తయారైంది. నాది మధ్యాహ్నం షిఫ్టు కావడంతో స్కూటర్ మీద తీసుకుపోయాను. వరండాలో చెప్పుల గుంపులో దోర్కా చెప్పులు బయటి వైపు తిరిగి ఉన్నాయి.

నరేందర్ సారు, సర్కారు తరఫున వచ్చిన ఒక పెద్ద ఆఫీసరు కుర్చీల్లో కూర్చున్నారు. హిమజ కౌంటర్ వెనక నిలబడింది. దోర్కా స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. మా అమ్మను చూడగానే ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. మా అమ్మ ముందు పైగల్లీ దానమ్మ, కొంగులో కొత్తిమీర కట్ట దోపుకునే వచ్చింది.

"దానమ్మ" అని కౌంటర్ అమ్మాయి పిలిచింది. ఇద్దరూ ముందుకు కదిలారు. నేనుండగా నువ్వెందుకని పైగల్లీ దానమ్మ మా అమ్మను మోచేత్తో నెట్టింది. అందరూ నవ్వారు. కౌంటర్ అమ్మాయి తెర వైపు చూసి నంబరు పైకి చదవడం మొదలుపెట్టింది. ఆ నంబరు నాకు నిద్రలోనూ వచ్చు.

"ఆగున్రి!" దోర్కా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. జనాన్ని తోసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది. "ఆమెకు గోలీలు ఇయ్యకున్రి. ఆ నంబర్ దానమ్మది గాదు, నాది. ఇట్ల మస్తుమందికి నాదే కొట్టిన. అందరు ఒక్కటే మనిషిగ కలిసిపోతరు. నాకు ముందుగాలనే తెలుసు. చెప్పలె."

నవ్వులు ఆగిపోయాయి. ఆఫీసరు నరేందర్ సార్ వైపు చూశాడు, నరేందర్ సార్ నేల చూశాడు.

హిమజ మాత్రం కంగారు పడలేదు. తెరను దోర్కా వైపు తిప్పింది. ఈ నంబరు మీద ఇద్దరు దానమ్మలున్నారు, మనిషిని అడిగి తేల్చుకోండి అని దాని మీద రాసి ఉంది. "తెలుసక్కా," అన్నది మెల్లగా. "ఆ నంబర్ మీద ఉన్నోళ్ల వివరాలు ఏవీ కలపకుండ పక్కకు పెట్టించిన. ఒక్కొక్కరిని అడిగినంకనే లోపలికి తీసుకుంటం."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మస్తు రోజులైంది. మీ నంబర్ నా ఫోన్ల ఉంది గదక్కా. చూడంగనే గుర్తుపట్టిన." తెరను మళ్లీ తన వైపు తిప్పుకుంది. "మీరే వచ్చి చెప్తరని చూసిన."

ఆఫీసరుకు ఈ సంగతి ముందే తెలుసు. ఎవరో స్టాఫ్ నంబరని మాత్రమే హిమజ ఆయనకు చెప్పిందట, పేరు చెప్పలేదు. ఇప్పుడు దోర్కా తనంతట తానే అందరి ముందూ చెప్పుకుంది. మా అమ్మ ఇదేమీ పట్టనట్టు బిస్కెట్ టీలో ముంచుకుంటోంది.

సోమవారం పని సాఫీగా మొదలైంది. పోస్టు హిమజకు పక్కా అయింది. నరేందర్ సార్ దోర్కాను పిలిచి కోప్పడలేదట. "నంబర్ కొట్టుడు తప్పని నేననను. నీకు తెలిసి కూడ చెప్పలె సూడు, దానికే ఇయ్యలేకపోతున్న" అన్నాడట. ఇంటికి వచ్చి దోర్కా ఆ మాటే చెప్పి, పొడుగు సీసాలో నీళ్లు గటగటా తాగింది.

"ఆమె మంచిదే కదనే" అన్నాను ఓదార్పుగా. అనకుండా ఉండాల్సింది.

"గదే నా బాధ! నేను ఆమె ఎప్పుడు పడుతదా అని సూసిన. ఆమె నా పేరు బయటికి రాకుండ దాచింది. మంచితనంల కూడ నాకంటె ముందే ఉన్నది. కనీసం ఇంట్ల కూసోని తిట్టుకుందమంటె గా దారి కూడ లేకుండ జేసింది."

దోర్కా నంబరు మీద ఉన్న వాళ్లందరినీ ఇంటింటికీ వెళ్లి విడదీసే పని మిగిలింది. హిమజ తానే వస్తానంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర ట్యాబ్ పట్టుకుని నిలబడింది. ఎండగా ఉందని మా అమ్మను ఇంట్లో దింపి నేను కూడా వాళ్ల వెంట నడిచాను. ఇద్దరూ పక్కపక్కనే నడుస్తున్నారు గాని, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడముంది.

పైగల్లీ దానమ్మ గుమ్మంలో తోటకూర కట్టలు కడుతోంది. హిమజ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని వివరాలు అడిగింది. ఫోను లేదన్నది. "పర్వాలేదమ్మా. ఫోన్ లేకుంటే ఆ గడి ఖాళీగ వదలొచ్చు ఇప్పుడు. నేనే అట్ల చేయించిన" అన్నది హిమజ. గొంతులో కాస్త గర్వం ఉంది, ఉండదగ్గదే.

"ఖాళీ ఎందుకు బిడ్డా? దోర్కాది కొట్టు."

"కొట్టొద్దమ్మా. ఇప్పుడు ఒక ఇంటికి ఒకటే నంబర్."

"గదెట్ల? నాకు రేపేమన్నయితె ఉరికొచ్చేది దోర్కానే గద. మొన్న నా మనుమరాలికి సూదున్నదని వానల తడుసుకుంట వచ్చి చెప్పింది గీ పిల్లనే."

ఆ మొన్న ఎప్పటిదో నాకూ తెలియదు. దోర్కా గోడ వైపు తిరిగింది.

హిమజ కొంచెంసేపు ట్యాబ్ చేతిలో అటూ ఇటూ తిప్పింది. "పోనీ, నా నంబర్ రాద్దామా అమ్మా? ఏమున్నా నేను చెప్పిస్త."

దానమ్మ తోటకూర పక్కన పెట్టి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "నీదా? నువ్వెవరు బిడ్డా?"

హిమజ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. ఒక్కసారి దోర్కా వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్తది కాదు. నెలల తరబడి మా ఇంట్లో అన్నం ముందు దోర్కా కళ్లలో కూర్చున్న చూపే అది. దోర్కా కూడా దాన్ని గుర్తుపట్టింది. ఇక ఈమె పండగ చేసుకుంటుందని అనుకున్నాను.

దోర్కా ముందుకు వంగి ఆమె చేతిలోని ట్యాబ్ మీద వేలు పెట్టింది. "ఖాళీగనే వదులు హిమజా" అన్నది. తర్వాత దానమ్మతో, "నంబర్ లేకున్నా నేనొస్త తియ్. యాడికి పోత" అన్నది.

గల్లీ చివర హిమజను ఆటో ఎక్కించి ఇద్దరం ఇంటి దారి పట్టాం. మళ్లీ అనకూడని మాటే నోట్లోకి వచ్చింది.

"ఇప్పుడు సల్లగైందా?"

దోర్కా నా వైపు గిర్రున తిరిగింది.

"ఏం సల్లగ? ఆమెనే నన్ను సూసి ఏడుస్తుంటె, ఇగ నేనెవర్ని సూసి ఏడ్వాలె?"